కారని బండి

బిరడాకి ఆ పేరు పెట్టింది వాళ్ల బావే. పాత మోటారుసైకిళ్ల ఇంజన్లలో నూనె ఎక్కడ కారినా ఆపగల చెయ్యి కనుక, అతనికేదైనా బిరుదు ఇవ్వాలని నలుగురూ సరదాగా అనుకుంటూ ఉంటే, బావ మధ్యలో తల దూర్చి, "వీడికి బిరుదెందుకు, బిరడా చాలు" అన్నాడు. ఆ పూటతో కన్నవాళ్లు పెట్టిన పేరు కాగితాలకే పరిమితమైపోయింది.

బావ అంటే అక్క మొగుడు. వయసులో పెద్ద, గొంతులో మరీ పెద్ద. వాళ్ల నాన్న నుంచి ఆయనకు దక్కినవి రెండే. ఒకటి ఒంటి సిలిండరు నల్ల మోటారుసైకిలు, రెండోది ఓడిపోయినా ఒప్పుకోని రోగం. మోటారుసైకిలు ముసలిదైపోయింది గానీ రోగం ఇంకా పడుచుగానే ఉంది. ఆ మోటారుసైకిల్ని బిరడా ఎన్నడూ బైకు అని పిలవలేదు. "కారు" అనేవాడు. ఎందుకంటే అది నిలబెట్టిన చోటల్లా కారేది.

కారితే కారింది, కొంపలేం మునిగాయి అని ఊరుకునే మనిషి కాదు బావ. ఏటా కొండ మీద పాత బళ్ల వాళ్లంతా కలుసుకుంటారు. వచ్చిన ప్రతి ఇంజను కిందా ఒక తెల్ల అట్ట పరుస్తారు. సాయంత్రం ఆ అట్టలు పైకెత్తి చూపిస్తారు. ఎవరి అట్ట తెల్లగా మిగిలితే వాళ్లకి చప్పట్లు. నిరుడు బావ అట్ట మీద పరుచుకున్న మచ్చని చూసి ఎవడో, "ఇదేదో దేశం పటంలా ఉంది, రాజధాని ఎక్కడండీ" అని అడిగాడు. నవ్వినవాళ్లంతా ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు గానీ, బావ ఆ దేశం నుంచి ఇంకా తిరిగి రాలేదు.

అందుకే ఈసారి ఇంజను కుడి పక్క కవరునే మార్చేయమన్నాడు. పాత కవరు అంచు నిండా ఎవరెవరో స్క్రూడ్రైవరు దూర్చి పెకలించిన గాట్లు. ఎంత జిగురు పూసినా ఆ గాట్లలోంచి నూనె దారి వెతుక్కునేది. కొత్త కవరు పోస్టులో వచ్చింది. కవరు పోస్టులో రావడంలో వింతేమీ లేదు. రావలసిన వారానికి రాకుండా, సరిగ్గా కొండ మీద కలుసుకునే రోజుకు ముందు సాయంత్రం దిగడమే వింత. దాంతో పనంతా మర్నాటి ఉదయం మీద పడింది.

కవరుకీ ఇంజనుకీ నడుమ ఒక కాగితం ఉంటుంది. దాన్ని ప్యాకింగు అంటారు. ఇంత పాత ఇంజనుకి ప్యాకింగు బజార్లో దొరకదు, చేత్తోనే కోసుకోవాలి. మందపాటి కాగితాన్ని కవరు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ పోతే అంచు ఎక్కడుందో అక్కడ కాగితం తెగుతుంది. స్క్రూలు దూరే చోట బేరింగు గోళీ పెట్టి, దాని నెత్తిన సుత్తితో ఒక్కటి వేస్తే చొక్కా గుండీ అంత బిళ్ల ఊడి కింద పడుతుంది. బిరడా ముందు పెద్ద గోళీతో స్క్రూ బెజ్జాలన్నీ కొట్టేస్తాడు. ఆఖర్న, చిన్న గోళీతో, చీమ దూరేంత బెజ్జం ఒకటి కొడతాడు. పంపు తోడిన నూనె ఆ చిన్న బెజ్జంలోంచే కవరులోకి వచ్చి, అక్కణ్నించి ఇంజను గుండెకి చేరాలి. వేరే దారి లేదు. ఆయిలు అందినంత సేపే ఇంజనుకి ఆయువు.

పెద్ద బెజ్జాలు పూర్తయ్యాయి. బిరడా చిన్న గోళీ ఉన్న డబ్బా వైపు చెయ్యి చాపబోయాడు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో బావ గొంతు పేలింది.

"ఏరా బిరడా, ఇంకా కాగితం కత్తిరింపుల్లోనే ఉన్నావా. నేను వచ్చింది మోటారుసైకిలు కోసం, గాలిపటం కోసం కాదు."

"నువ్వొచ్చాక గాలికేం కొదవ బావా, గాలిపటమే నయం" అన్నాడు బిరడా, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

వెనకే అక్క వచ్చింది, హెల్మెట్టు బుట్టలాగా చేతికి తగిలించుకుని. "పొద్దున్నే మొదలెట్టారూ ఇద్దరూ. ఒరేయ్ తమ్ముడూ, ఈయన్ని పట్టించుకోకు. నీ పని నువ్వు చూసుకో."

"పనా. వీడి పని చూశాం కదా నిరుడు" అన్నాడు బావ. "ఈసారి కూడా కారిందనుకో, ఆ అట్ట తెచ్చి వీడి కొట్టుకి బోర్డుగా తగిలిస్తా."

"కారకపోతే?"

"కారకపోతే నేను కారుస్తాను, ఆనందబాష్పాలు."

"అవైనా ఆపడానికి నేనే రావాలి."

పంచు మీద పంచు పడుతోంది. ఒకదానికి బదులిచ్చేలోగా ఇంకోటి. బిరడా నోటిని బావకి అప్పగించి, చేతుల్ని వాటి దారిన వదిలేశాడు. చేతులు జిగురు పూశాయి, కాగితం అతికించాయి, కవరు మూశాయి, స్క్రూలు ఎదురూ బొదురూగా ఒక్కొక్కటే బిగించాయి. బావ వెయ్యదలుచుకున్న పంచులన్నీ పడ్డాయి. కాగితానికి పడవలసిన ఆఖరి పంచు ఒక్కటే పడలేదు. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు.

కిక్కు కొడితే ఇంజను అందుకుంది. బిరడా అలవాటుగా నూనె ట్యాంకు మూత తీసి తొంగి చూశాడు. ఇంజను నుంచి ట్యాంకులోకి సన్నని ధారగా నూనె వెనక్కి వస్తోంది. అది ఇంజను అడుగున మిగిలిపోయిన నిన్నటి నూనె. ధార మీద నిన్నటిదని రాసి ఉండదు కదా. సరే అనుకుని మూత బిగించాడు. కింద పరిచిన తెల్ల కాగితం మీద ఒక్క చుక్క లేదు.

బావ వంగి చూశాడు, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు, కవరు కింద వేలు పెట్టి రాసి, ఆ వేలిని వెలుగులో చూశాడు. "కారడం లేదే" అన్నాడు, నమ్మలేనట్టు.

"బిరడా పెట్టాక కారడమేంటి బావా."

అక్క హెల్మెట్టు పెట్టుకుని వెనక కూర్చుంది. బండి వీధి మలుపు తిరిగి, చప్పుడు దూరమయ్యేదాకా బిరడా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ చప్పుడు వింటుంటే కడుపు నిండినట్టుంది.

లోపలికొచ్చి బల్ల సర్దడం మొదలుపెట్టాడు. సుత్తిని మేకుకి తగిలించాడు. పెద్ద గోళీకి అంటిన కాగితం నూగు తుడిచి, డబ్బా మూత తీశాడు.

చిన్న గోళీ డబ్బాలోనే ఉంది. తుప్పు పట్టకుండా పోయినసారి పూసిన గ్రీజు దాని చుట్టూ చెక్కుచెదరకుండా ఉంది. గ్రీజు మీద వేలిముద్ర కూడా లేదు.

బిరడా కింద కూర్చుని, నేల మీద బిళ్లలన్నీ ఏరాడు. అన్నీ పెద్దవే. బల్ల కింద చూశాడు, చీపురు పెట్టి మూలలు లాగాడు. చిన్న బిళ్ల లేదు. లేని బిళ్ల ఎక్కడుందో అతనికి తెలుసు. అది కాగితంలోనే ఉంది. కవరు వెనక, నూనె దారికి అడ్డంగా, అతను పూసిన జిగురుతో సహా.

బండి కారడం లేదు. ఎలా కారుతుంది, అక్కడికి నూనె వస్తేగా కారడానికి.

పక్క గదిలో అతని భార్య కుట్టుమిషను తొక్కుతోంది. "అక్కకి ఫోను చెయ్యి" అన్నాడు. ఆ గొంతు విని ఆమె మిషను ఆపేసింది.

"ఏమైంది?"

"బండికి నూనె అందడం లేదు. నేనే మూసేశాను. ఎత్తేదాకా చేస్తూనే ఉండు. ఆపేయమను, ఎక్కడుంటే అక్కడ."

ఆమె నంబరు నొక్కింది. ఫోను చెవిన పెట్టుకుంది. అవతల మోగుతోంది. అక్క చేతిసంచిలో, ఇంజను రొదలో, హెల్మెట్టు అవతల మోగుతున్న ఫోను ఎవరికి వినిపిస్తుంది?

బిరడా తన బండి తీశాడు. అదొక చిన్న, సన్నకాళ్ల, పొగ వదిలే బండి. బావ దానికి దోమ అని పేరు పెట్టాడు. ఆయన పేరు పెట్టని వస్తువు ఆ కుటుంబంలో లేదు.

ఊరు దాటేదాకా అతని బుర్ర ఒకే చోట తిరిగింది. లోపల అంటుకుని ఉన్న నూనె ఎంతసేపు కాస్తుంది? తాపీగా నడిపితే ఇంకొంచెం. గట్టిగా తిప్పితే వేడికి ఇగిరిపోతుంది. ఇనుము ఇనుముని రాసుకుంటుంది, ఒక్కసారిగా పట్టేస్తుంది. ఇంజను పట్టేస్తే వెనక చక్రం పట్టేస్తుంది. చక్రం పట్టేస్తే బండి నిలబడదు. అది పట్టేది తిన్నటి రోడ్డు మీద కాదు, కొండ రోడ్డు మెలికల్లో. ఒక పక్క రాయి, ఇంకో పక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. వెనక సీట్లో అక్క.

పాత నూనె ఇంజన్లో ఇంకా ఒక చుక్కైనా ఉండాలని, జన్మలో మొదటిసారి, నూనె కోసం దండం పెట్టుకున్నాడు.

కొండ మొదలైన కాసేపటికి బండి కనిపించింది. అక్క నీలం చున్నీ చివర గాలికి కొట్టుకుంటోంది. బావ తాపీగానే పోతున్నాడు, హాయిగా, పెళ్లికి ముందే వచ్చేసిన చుట్టంలా. బిరడాకి ఊపిరి వచ్చింది. హారను నొక్కాడు. దోమ హారను కూడా దోమలాగే ఉంటుంది. మళ్లీ నొక్కాడు. చెయ్యి పైకెత్తి ఊపాడు.

బావ అద్దంలో చూశాడు. దోమని గుర్తుపట్టాడు. ఎడమ చెయ్యి వెనక్కి చాపి, వేళ్లు ఆడించి, 'రా రా' అని పిలిచాడు.

ఆ సైగకి అర్థం బిరడాకి తెలుసు.

పడుచుతనంలో ఈ రోడ్డు మీద వాళ్లిద్దరూ ఎన్నిసార్లు పందెం వేసుకున్నారో. ఎవరు ముందు పైకెక్కితే వాళ్లది గెలుపు. బావ ఓడిన రోజున బండి బాగోలేదనో, గాలి ఎదురనో, తనే జాలిపడి వదిలేశాననో అనేవాడు. ఈ ఉదయం బండి బాగుంది, గాలి ఎదురు లేదు, జాలి ఎలాగూ లేదు. క్లచ్చు వదిలాడు, కచ్చ వదల్లేదు. గేరు మార్చాడు, గీర మార్చుకోలేదు. నల్ల బండి రంకె వేసి పైకి ఎగబాకింది.

"బావా, రేసు కాదు, ఆపు" అని అరిచాడు బిరడా. గాలి ఆ మాటని నోట్లోకే తోసేసింది.

దోమ తేలిక. మెలికల్లో బరువైన బండికి బద్ధకం. ఒక మలుపులో బిరడా లోపలి అంచున దూరి దాదాపు పక్కకి వచ్చేశాడు. అక్క మొహం కనిపించింది. ఆమె ఒక చేత్తో సీటు పట్టుకుని, ఇంకో చేత్తో బావ వీపు మీద దబదబా కొడుతోంది. బిరడా చేత్తో ఇంజనుని చూపించాడు, మెడ మీద వేలు అడ్డంగా గీశాడు. బావ అది చూసి పెద్దగా నవ్వాడు. హెల్మెట్టు లోపలి నవ్వు భుజాల్లో కనిపించింది. పందెంలో నీ పీక కోస్తానని సవాలు చేస్తున్నాడనుకున్నాడు కాబోలు, ఇంకాస్త తిప్పాడు.

ఆ దగ్గర్నుంచే బిరడా విన్నాడు. రంకె అడుగున ఇంకో చప్పుడు. పొడిగా, రాయి మీద రాయి తగిలినట్టు, టక టక టక. అక్క ఆ చప్పుడు మీద కూర్చుని ఉంది.

ఇంకా దగ్గరకు వెళ్లాలని అతని చెయ్యి థ్రాటిల్‌ని మెలిపెట్టింది. బావ అద్దంలోకి చూసి మళ్లీ వేగం పెంచాడు. అప్పుడు తట్టింది బిరడాకి. తను ఎంత తరిమితే ఆ ఇంజను అంత ఎండుతుంది. తను దగ్గరైన కొద్దీ వాళ్లు పిట్టగోడకి దగ్గరవుతున్నారు. నూనె ఆపింది తనే, ఇప్పుడు మంట పెడుతున్నదీ తనే. బావని ఆపగలిగింది లోకంలో ఒక్కటే ఉంది. తను ఓడిపోవడం.

చెయ్యి రాలేదు. కళ్ల ముందు అక్క పైకి వెళ్లిపోతుంటే, తను ఆగిపోవాలి. దానికి చేతిని ఒప్పించడం, ఏ ఇంజను విప్పడం కంటే కష్టమైంది. పళ్లు బిగించి బ్రేకు నొక్కాడు. దోమని రోడ్డు పక్కన నేల మీద పడేశాడు. పైమలుపు నుంచి కనిపించేలా దాని పక్కనే చతికిలబడి, నెత్తిన రెండు చేతులూ పెట్టుకున్నాడు.

నల్ల బండి మలుపు తిరిగి కనుమరుగైంది. చప్పుడు మాత్రం మిగిలింది. రాళ్లకి కొట్టుకుంటూ పైకి పోతోంది. అద్దంలో చూడు బావా, అనుకున్నాడు. ఒక్కసారి చూసుకో. ఎప్పుడూ అద్దంలో నిన్ను నువ్వే చూసుకుంటావుగా, ఈ ఒక్కసారికి నన్ను చూడు. నేను ఓడిపోయాను, చూసి ఆనందించు.

చప్పుడు ఇంకా పైకి పోయింది. తర్వాత, ఉన్నట్టుండి, ఆగిపోయింది.

మెల్లగా తగ్గి ఆగలేదు. తెగినట్టు ఆగింది. బిరడా లేచి నిలబడ్డాడు. టైరు కీచుమన్న శబ్దం కోసం విన్నాడు. రేకు రాయికి తగిలే శబ్దం కోసం విన్నాడు. అక్క గొంతు కోసం విన్నాడు. ఏదీ రాలేదు. కాళ్లు వాటంతటవే పైకి పరుగెత్తడం మొదలుపెట్టాయి.

మలుపు చివర నల్ల బండి ముందు చక్రం కనిపించింది. బావ బండిని వెనక్కి తిప్పి, ఇంజను ఆపేసి, న్యూట్రల్లో, పల్లానికి జారుతూ వస్తున్నాడు. హెల్మెట్టు అద్దం పైకెత్తి ఉంది. దాని లోపల మొహమంతా పళ్లే.

"ఏంటి బిరడా, దోమకి మలేరియానా?"

బిరడా పరుగెత్తుకెళ్లి హ్యాండిలు రెండు చేతులతో పట్టుకున్నాడు. "దిగక్కా" అన్నాడు. "ముందు నువ్వు దిగు."

అక్క దిగింది. పిట్టగోడ వైపు చూసి, దానికి దూరంగా, రాతి పక్కకి జరిగి నిలబడింది.

"ముందు ఒప్పుకో" అన్నాడు బావ. "ఓడిపోయానని చెప్పు, తర్వాత దిగుతా."

"ఓడిపోయాను బావా. దిగు."

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని బావ ఎన్నడూ అనుకోలేదు. కొంచెం కంగారుపడ్డాడు. "ఏమైందిరా నీకు. దోమ చెడిపోతే ఇంత దిగులా. ఆగు, నా వెనక ఎక్కు, ముగ్గురం పోదాం" అంటూ కిక్కు మీద కాలు వేశాడు.

కిక్కు దిగలేదు.

ఇంకోసారి తొక్కాడు. రాయి మీద కాలు వేసినట్టుంది. లేచి నిలబడి, ఒంటి బరువంతా దాని మీద మోపాడు. అయినా వెంట్రుకవాసి కదల్లేదు. వేడి ఇంజను టిక్కు టిక్కుమంటూ చల్లబడుతోంది. ఇనుము ఇనుముని పట్టేసుకుంది. జారుతూ వచ్చేటప్పుడు గేరులో ఉండి ఉంటే, లేదా పైకి ఇంకొక్క మలుపు తిరిగి ఉంటే, అది తిరుగుతూ ఉండగానే చక్రంతో సహా పట్టేసేది. కిక్కు దిగలేదు గానీ బావకి ఎక్కిన కిక్కు మాత్రం చప్పున దిగిపోయింది. ఆయన పిట్టగోడ వైపు చూశాడు. తర్వాత అక్క వైపు.

"గట్టిగా తిప్పేశాను" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా కూడా ఉంటుందని ఎవరికీ తెలియదు. "వేడెక్కి పట్టేసింది. తప్పు నాదేరా."

ఆ మాట అలాగే వదిలేయొచ్చు. కొట్టుకి తీసుకెళ్లి కవరు విప్పేది తనే, కాగితం చింపి పారేసేదీ తనే. బావ తన నోటితో తప్పు ఒప్పుకున్న మొదటి రోజు ఇది. అది అబద్ధపు రోజు కావడం బిరడాకి నచ్చలేదు.

"నీది కాదు బావా. నూనె బెజ్జం కొట్టకుండా ప్యాకింగు వేసేశాను. ఊరు దాటేటప్పటికే ఇది ఎండిపోతోంది. అది చెప్పడానికే వెంటపడ్డాను."

బావ కిక్కు మీంచి కాలు తీసేశాడు. అక్క చేతిసంచిలో ఫోను మోగుతోంది. ఇప్పుడు అందరికీ వినిపించింది. అక్క తీసి చెవిన పెట్టుకుంది.

"ఉన్నాను. బాగానే ఉన్నాను. ఏడవకు, ముగ్గురం ఉన్నాం." కాసేపు విన్నది. "వచ్చేస్తున్నాను, నువ్వు ముందు మంచినీళ్లు తాగు."

ఫోను సంచిలో వేసి ఇద్దరి వైపూ చూసింది.

"నీ వీపు మీద ఎన్నిసార్లు కొట్టాను?" అని అడిగింది మొగుణ్ని.

"కొట్టావు" అన్నాడు బావ. "హుషారు చేస్తున్నావనుకున్నాను."

"హుషారా." ఆమె గొంతు పెంచలేదు. "వాడు బెజ్జం మర్చిపోయాడు. నువ్వు వెనక మనిషి ఉందన్న సంగతే మర్చిపోయావు." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వేం తక్కువ తినలేదు. పట్టించుకోకు, పని చూసుకో అని చెప్పానా లేదా? ఈయన నోటికి బదులు చెప్పకపోతే నీ చేతులు ఆడవా?"

"తప్పే అక్కా."

"తాళం ఇటివ్వు."

"ఎక్కడికి?"

"అక్కడ నీ పెళ్లాం ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది. దోమ మీద నేను పోతాను. మీరిద్దరూ దీన్ని నడిపించుకుంటూ రండి. నడిపించుకుంటూ. ఎక్కి కాదు."

దోమని లేపి, దుమ్ము దులిపి, స్టార్టు చేసింది. మలుపు దగ్గర బాగా నెమ్మదించి, కుడీ ఎడమా చూసుకుని దిగిపోయింది.

మిగిలినవాళ్లిద్దరూ చెరో పక్కా నిలబడి నల్ల బండిని పల్లానికి తిప్పారు. బావ హ్యాండిలు పట్టుకున్నాడు, బిరడా వెనక కడ్డీ పట్టుకున్నాడు. బరువైన బండి, దించుతుంటే అదే ముందుకు తోసుకుపోతుంది. పైకి వెళ్తున్న పాత బళ్లు రెండు మూడు వాళ్లని దాటుకుంటూ పోయాయి. ఎవరో చెయ్యి ఊపారు, ఎవరో ఏమైందని కేక వేశారు. బావ 'మీరు పదండి' అన్నట్టు తల ఊపాడు.

"బిరడా" అన్నాడు బావ ఆఖరికి, వెనక్కి తిరగకుండా.

"ఊఁ."

"ఇందాక ఓడిపోయానన్నావు చూడు."

"అన్నాను."

"అది వెనక్కి తీసుకోరా. వినడానికి అస్సలు బాగోలేదు."

బిరడా జవాబు చెప్పబోయి, నాలుక కొరుక్కుని, కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ముందు బ్రేకు మీద చెయ్యి వెయ్యి బావా. మలుపొస్తోంది."